పురుగుల గదికి కొత్త గాలి

కొత్త ఫోను కొన్నవాళ్ళెవరైనా నాకు చూపించడానికి తెస్తే నేను ముందు దాన్ని బోర్లా తిప్పి చూస్తాను. వాళ్ళకు నచ్చదు. అద్దం చూడమంటారు, కెమెరా చూడమంటారు, వేలు పెడితే ఎంత నున్నగా జారుతుందో చూడమంటారు. నేనేమో వేడి ఎటు పోతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, కరెంటు పోతే ఏమవుతుంది అని అడుగుతాను. రిటైరైన ముసలాయనకు కొత్తదంటే గిట్టదని అనుకుని, కాఫీ తాగి, ఫోను జేబులో వేసుకుని వెళ్ళిపోతారు.

గిట్టకపోవడం కాదు నాయనలారా. అప్పట్లో నా అంత మిషన్ల పిచ్చివాడు మదనపల్లెలో ఇంకొకడు ఉంటే మా రేడియో కొట్టుకు వచ్చి తీరేవాడు. నా ఉద్యోగం పట్టు పరిశ్రమ శాఖలో టెక్నికల్ అసిస్టెంటు. జీతం పురుగులది, ప్రాణం మాత్రం సర్క్యూట్ బోర్డులది. ఆదివారం వచ్చిందంటే బస్టాండు వెనక ఒక రేడియో రిపేరు కొట్లో చేరేవాళ్ళం. కొట్టాయన, ఒక లెక్చరరు, ఒక బ్యాంకు ఉద్యోగి, నేను. ఆ వారం కొత్త వస్తువు తెచ్చినవాడు రాజు. మా బ్యాంకాయన బెంగళూరులో పేజరు కొన్నాడు. మదనపల్లెలో దానికి సిగ్నలు లేదు. అయినా బెల్టుకు తగిలించుకుని పెళ్ళిళ్ళకు పోయేవాడు. ఇది దేనికి పనికొస్తుందని ఎవరైనా అడిగితే, మేమందరం కలిసి ఆ మనిషిని మొద్దును చూసినట్టు చూసేవాళ్ళం.

కంప్యూటర్లు వచ్చాక పిచ్చి ఇంకా ముదిరింది. ఎవరి మిషను ఎంత వేగం, ఎవరి డిస్కు ఎంత పెద్దది అని టీలు తాగుతూ వాదించుకున్నాం గాని, దాంతో ఏం చేస్తున్నావని ఒకరినొకరం అడిగిన పాపాన పోలేదు. అడిగి ఉంటే పేకాట ఆడుకుంటున్నామని చెప్పాల్సి వచ్చేది. మాలో రెండు రకాలవాళ్ళు ఉండేవాళ్ళు. కొన్న రోజే స్క్రూలు విప్పేవాళ్ళు, కొన్నాక ఏడాదైనా పైన ప్లాస్టిక్ కవరు తీయనివాళ్ళు. నేను మొదటి రకం. వస్తువు మీద నిజంగా ప్రేమ ఉన్నవాడికి దాని మీద అనుమానం కూడా ఉంటుందని నా నమ్మకం. వస్తువు వల్ల తనకు గొప్ప వస్తుందనుకునేవాడే దాన్ని కళ్ళు మూసుకుని నమ్ముతాడు. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో ఒక రోజు పుంగనూరు వైపు పల్లెలో తేలింది.

తొంభైల చివరి సంగతి. పట్టుపురుగు గుడ్డులోంచి బయటికి వచ్చినప్పుడు చీమకంటే చిన్నది. ఆ పసితనంలో వేడి కాస్త ఎక్కువైనా, తేమ కాస్త తక్కువైనా తట్టుకోదు. అందుకని పల్లెకు ఒక చోట, శిక్షణ ఉన్నవాళ్ళ చేతుల్లో పెంచి, రెండో జ్వరం దాటాక రైతులకు పంచుతారు. పురుగు చర్మం విడిచే ముందు మేత మానేసి తల ఎత్తుకుని పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. ఆ పసిపురుగులను పెంచే చోటు పేరు చాకీ కేంద్రం. అక్కడ పురుగు చెడితే ఊళ్ళో ఉన్న రైతులందరి పంటా మొదట్లోనే పోయినట్టు.

ఆ పల్లెలో చాకీ కేంద్రం నడిపేది ఒక ఆవిడ. మల్బరీ తోటల్లో కూలికి ఆకు కోసిన కుటుంబం. మా శాఖ శిక్షణలో పని నేర్చుకుంది. కేంద్రం ఆమెకు ఇచ్చినప్పుడు ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన తనకు రావాల్సిందని గట్టిగా పట్టుబట్టాడు. మొదట్లో రైతులు ఆమె గడప తొక్కడానికి వెనకాడారు. రెండు మూడు పంటలు బాగా పండాక వాళ్ళే వచ్చి, ఈసారి మాకు ఎప్పుడిస్తావని అడగడం మొదలుపెట్టారు. ఆమె మాట తక్కువ మనిషి. అయినా ఆ కేంద్రం తలుపు తీసేటప్పుడు ఆమె మొహం చూస్తే, తన సొంత కొట్టు తెరుచుకుంటున్నట్టు ఉండేది. ఒక్కసారి పురుగు చెడితే ఆ తలుపు తనకు మూసుకుపోతుందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

అలాంటి చోటికి బెంగళూరు కంపెనీ ఒకటి కొత్త మిషను తెచ్చింది. బీరువా అంత పెట్టె. గదిలో వేడి, తేమ తానే చూసుకుంటుంది. ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి. తక్కువైతే హీటరు వేస్తుంది, పొడిబారితే నీటి తుంపర వదులుతుంది, మధ్యమధ్యలో ఫ్యాను తిప్పి గదిలోకి కొత్త గాలి లాగుతుంది. పల్లెలో కరెంటు సంగతి తెలుసు గనక బ్యాటరీలతో ఇన్వర్టరు కూడా పెట్టారు. ఊరంతా చీకటైనా ఆ గదిలో అంకెలు వెలుగుతూనే ఉండేవి. మా అసిస్టెంట్ డైరెక్టరు, అంటే ఏడీ గారు, దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇది ఇక్కడ నెగ్గితే తర్వాత కుప్పంలో ఇంకా పెద్ద ఎత్తున పెడతారని, దానికి హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు స్వయంగా చూడటానికి వస్తున్నారని, ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

మిషనుతో పాటు ఒక ఇంజనీరు వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. దగ్గర ల్యాప్‌టాప్, సెల్‌ఫోను. ఆ ఫోనుకు ఆ చుట్టుపక్కల ఎక్కడా సిగ్నలు లేదు, అయినా గంటకోసారి పైకెత్తి చూసేవాడు. నిజం చెప్పాలంటే మొదటి రోజే మేమిద్దరం కలిసిపోయాం. అడగ్గానే మిషను వెనక రేకు విప్పి చూపించాడు. మా రకం మనిషే అనుకున్నాను. బయటి గాలి దుమ్ముతో, వేడితో ఉంటుందని, అందుకే గొట్టాన్ని పక్కనున్న చిన్న గదిలోకి తీశానని, అక్కడి చల్లటి గాలిని వడగట్టి లోపలికి తెస్తున్నానని చెప్పాడు. మంచి ఆలోచన అన్నాను. ఇప్పటికీ అది మంచి ఆలోచనే అంటాను.

పురుగుల గది తలుపు మీద ఆవిడ సుద్దముక్కతో రాయించిన మాటలు ఉండేవి. బీడీ, అగరబత్తి, దోమల చుట్ట వెలిగించిన వాళ్ళు లోపలికి రాకూడదు. పట్టుపురుగు పెంచే ఇళ్ళలో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. పొగాకు నమిలిన చేత్తో ట్రే ముట్టుకున్నా పురుగు పడిపోతుంది. ఇంజనీరు అది చదివి, సిగరెట్టు తాగాలంటే రోడ్డు దాకా నడిచి వెళ్ళి, చేతులు కడుక్కుని వచ్చేవాడు. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపించడానికి లేదు.

పెద్ద ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే మొదటి బస్సుకు పుంగనూరులో దిగి, అక్కడి నుంచి మోపెడు మీద పల్లెకు చేరాను. మధ్యాహ్నానికి ఆఫీసరు వస్తారు, ఆ తర్వాత రైతులు వచ్చి పురుగులు తీసుకుపోతారు. ఇంతకుముందు పుంగనూరు లాడ్జిలో ఉండే ఇంజనీరు, ఏ తేడా రాకూడదని, ముందు రోజు రాత్రి ఆ పక్క గదిలోనే మంచం వేసుకుని పడుకున్నాడు. నేను పోయేసరికి ఆవిడ కేంద్రం గుమ్మం ముందు నిలబడి ఉంది. చేతిలో ట్రే. నన్ను చూడగానే ట్రే ముందుకు చాపింది.

"సూడండి సార్. తలలెత్తి ఆడిస్తాండాయి. మేత ముట్టలే. నిన్న సాయంత్రం ఇట్ల లేవు."

చూశాను. పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని నోటి నుంచి పచ్చటి రసం కక్కుతున్నాయి. కొన్ని మెలికలు తిరిగి ఆకు మీద నుంచి పక్కకు పడి ఉన్నాయి. లోపలికి పోయి స్టాండు మీద ఉన్న ట్రేలన్నీ ఒక్కొక్కటే లాగి చూశాం. అన్నింట్లోనూ అదే వరస. కొన్నింట్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. ఇంజనీరు మిషను ముందు నిలబడి ఉన్నాడు. అంకెలు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. రాత్రంతా ఎలా నడిచిందో ల్యాప్‌టాప్‌లో గీతలు గీసి చూపించాడు. గీత ఎక్కడా వంకర తిరగలేదు. "మిషను వైపు నుంచి ఏ సమస్యా లేదు సార్" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఆ మాట నాకు చెబుతున్నాడో తనకు తాను చెప్పుకుంటున్నాడో తెలియలేదు.

ఏడీ గారి జీపు వచ్చింది. ట్రే చూడగానే ఆయన మొహం పాలిపోయింది. తర్వాత కిటికీ దగ్గరికి పోయి బయటికి చూశారు. ఆవిడ మల్బరీ తోట పక్కనే వేరే రైతు టమోటా తోట ఉంది. మా వైపు టమోటాకు మందు కొట్టని వారం ఉండదు. ఆ మందు గాలికి మల్బరీ మీద పడటం, ఆ ఆకు తిని పురుగు చావడం మేము చాలాసార్లు చూసినదే. ఏడీ గారికి దారి దొరికింది. ఆకులో మందు ఉందని, చూసుకోకుండా కోసుకొచ్చి వేసిందని తేల్చేశారు. ఆమె ఆ పక్క తోటాయన ఈ పంటకు మందు కొట్టే రోజు ముందే తనకు చెబుతాడని, ఈ వారం కొట్టలేదని చెప్పింది. ఆయన వినిపించుకోలేదు. పెద్ద ఆఫీసరు వచ్చాక ఇదే చెప్పాలని, మిషను మాత్రం ఆపకుండా, తలుపులు తెరవకుండా అలాగే ఉంచాలని, ఆఫీసరు వచ్చేసరికి అంకెలు సరిగ్గా కనబడాలని అన్నారు. జీపు వైపు పోతూ, వచ్చే పంట నుంచి కేంద్రం ఎవరికివ్వాలో ఆలోచించాల్సి వస్తుందని కూడా అన్నారు. ఆ పెద్ద రైతు పేరు ఎత్తలేదు గాని ఎత్తాల్సిన పని లేదు.

ఆవిడ ఏడవలేదు. "యాల సార్ అన్నీ నా మీదకే వస్తాయి?" అని నన్ను అడిగింది, అంతే.

నేను నా సంచిలోంచి పాత పాదరసం థర్మామీటర్ల జత తీశాను. ఒకదానికి తడిగుడ్డ చుట్టి తేమ లెక్కగట్టేది. మిషను తప్పు చెబుతుందని నా గట్టి అనుమానం. తప్పు చెప్పాలని కాస్త కోరిక కూడా ఉండిందేమో. గది నాలుగు మూలలా పెట్టి, పాదరసం నిలిచేదాకా చూశాను. ఎర్ర అంకెలకు, పాదరసానికి తేడా లేదు. మిషను నిజమే చెబుతోంది. నా అనుమానం అక్కడే నీరుగారిపోయింది. ఇక ఆకు తప్పేనా అనుకుని నేను కూడా కిటికీలోంచి ఆ టమోటా తోట వైపు చూశాను.

అప్పుడు ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. ఎవరూ రావడం లేదని చూసుకుని, వెనకనున్న తన ఇంటికి తీసుకుపోయింది. ఇంట్లో గంగమ్మ పటం కింద చిన్న చాట. మీద తడి గుడ్డ. గుడ్డ తీసింది. చాటలో గుప్పెడు పురుగులు. ప్రతి పంటకూ ముందుగా గుడ్డు పగిలి వచ్చిన పురుగుల్లో గుప్పెడు తీసి అమ్మవారి భాగమని ఇంట్లో పెంచడం వాళ్ళింటి అలవాటు. పండితే ఆ పట్టుగూళ్ళు గంగమ్మకు సమర్పిస్తారు. మిషను పెట్టినప్పుడు ఒక్క పురుగు కూడా గది బయట ఉండకూడదని కంపెనీ నిబంధన. ఏడీ గారు దానికి ఆమెను ఒప్పించారు కూడా. అందుకే ఇంతసేపూ దీని గురించి నోరు విప్పలేదు.

"ఇవి కూడా అదే ఆకు తిన్నాయి సార్. నిన్న సాయంత్రం, ఈ పొద్దున నేనే ఒకే గంపలో నుంచి రెండు చోట్లకీ ఏసినాను. సూడండి."

చూశాను. పురుగులు తలలు వంచుకుని మేస్తున్నాయి. ఆకు అంచులన్నీ కొరికి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి తల ఊపడం లేదు. ఆకు మంచిది. పురుగు మంచిది. చెడ్డది గది.

తిరిగి కేంద్రానికి పరుగెత్తాను. ఈసారి అంకెల వైపు చూడలేదు. మిషను వెనక్కి పోయాను. గొట్టం పట్టుకుని గోడ దాకా, గోడ దాటి పక్క గదిలోకి పోయాను. ఇంజనీరు మంచం, దుప్పటి, సంచి, తలగడ పక్కన పుస్తకం. మంచం కాళ్ళ దగ్గర గొట్టం మూతి. దానికి జానెడు దూరంలో, నేల మీద, ఇన్వర్టరు నుంచి లాగిన వైరు చివర చిన్న ప్లాస్టిక్ పెట్టె. దోమల మ్యాట్ మిషను. పైన పెట్టిన నీలం బిళ్ళ తెల్లగా మారిపోయి ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.

రాత్రి వాన పడింది, దోమలు లేచాయి. పొగ వచ్చే చుట్ట వద్దని తలుపు మీద రాసి ఉంది గనక అతను పొగ రానిది తెచ్చుకున్నాడు. చుట్టలో ఏ మందు ఉంటుందో ఆ బిళ్ళలోనూ దాదాపు అదే జాతి మందు ఉంటుంది. మామూలు ఇంట్లో అయితే పల్లె కరెంటుకు అది గంటలో చల్లబడి ఊరుకునేది. ఇక్కడ ఇన్వర్టరు ఉంది, ఒక్క క్షణం కూడా ఆగలేదు. మిషనేమో తనకు చెప్పిన పనిని చెప్పినట్టే చేసింది. రాత్రంతా పక్క గదిలో గాలిని లాగి, వడగట్టి, చల్లగా, తేమగా చేసి పురుగుల మీదికి వదిలింది. వేడి ఎంత, తేమ ఎంత అని దాన్ని అడిగారు గాని, గాలిలో ఏముందని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే తెలివి దానికి పెట్టలేదు. ఎంత పెద్ద మిషనైనా ఇంతే. అది చూపించే అంకె తప్పు కాకపోవచ్చు, మనకు కావాల్సింది ఆ అంకె కాకపోవచ్చు.

ఇంజనీరును పిలిచి ఆ పెట్టె చూపించాను. మొదట అర్థం కాలేదు. "అందులో పొగ రాదు కదా సార్" అన్నాడు. చుట్ట పొగలో పురుగును చంపేది పొగ కాదని, అందులోని మందని, అదే మందు బిళ్ళ లోంచి కూడా ఆవిరవుతుందని చెప్పాను. గొట్టం మూతి వైపు చూశాడు. మంచం మీద కూలబడిపోయాడు. ఇది తెలిస్తే ఉద్యోగం పోతుంది సార్ అని నీళ్ళు నమిలాడు. అతని మీద నాకు కోపం రాలేదు. పురుగుల గదిలో రోజూ గడిపిన మాకు శాఖ శిక్షణలో కూడా చుట్ట అనే చెప్పారు గాని మ్యాట్ అని ఎవరూ చెప్పలేదు.

ఏడీ గారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మినా పనికి రాదన్నారు. ఆఫీసరు వచ్చే దాకా మిషను ఆపడానికి వీల్లేదు, ట్రేలు కదల్చడానికి వీల్లేదు. కుప్పం సంగతి దీని మీదే ఆధారపడి ఉంది. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. పురుగులను ఆ గదిలో ఉంచితే సాయంత్రానికి ఒక్కటీ మిగలదని నేనన్నాను. ఆయన జీపు దగ్గరికి పోయి నిలబడ్డారు.

గుమ్మంలో ఆవిడ మా మాటలన్నీ విని నిలబడి ఉంది. నా వైపే చూస్తోంది.

"బయటికి తీస్తే బతుకుతాయా సార్? కచ్చితంగా చెప్తాండారా, అంచనాకు చెప్తాండారా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. ట్రేలు బయటికి తీశాక పురుగులు చస్తే, ఆర్డరు కాదని తీసినందుకే చచ్చాయంటారు. అప్పుడు తప్పు ఎవరిదన్నది ఇక చర్చ కూడా ఉండదు. ఆమెదే. అబద్ధం చెప్పి ధైర్యం ఇద్దామని నాలుక దాకా వచ్చింది. మానుకున్నాను. అంచనాకే చెబుతున్నానమ్మా, మందు కొద్దిగానే తగిలి ఉంటే మంచి గాలికి తేరుకుంటాయి, ఎక్కువ తగిలి ఉంటే తేరుకోవు, అన్నాను.

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. లోపలికి పోయి మొదటి ట్రే ఎత్తింది.

నేను మిషను స్విచ్చు ఆపేశాను. ఎర్ర అంకెలు ఆరిపోయాయి. జీపు దగ్గర నుంచి ఏడీ గారు నా పేరు పెట్టి ఒకసారి పిలిచారు. నేను రెండో ట్రే ఎత్తేసరికి నా వెనక ఇంజనీరు మూడోది ఎత్తుకుని వస్తున్నాడు. ఆమె ఇంటి వసారాలో నీడ ఉంది, గాలి ఉంది. గోనెపట్టాలు తడిపి చుట్టూ కట్టాం. పాత ఆకంతా తీసేసి, పురుగులను ఈకతో నెమ్మదిగా కొత్త ఆకు మీదికి మార్చాం. ఎండ ఎక్కుతోంది. తేమ పోకుండా మాటిమాటికీ గోనెల మీద నీళ్ళు చల్లుతూనే ఉన్నాం. ఒక్క పురుగు కూడా తల దించలేదు. అవి మెలికలు తిరుగుతుంటే ఆమె కళ్ళు ఆ ట్రేల మీద నుంచి మరలలేదు.

పెద్ద ఆఫీసరు కారు, రైతులు ఇంచుమించు ఒకేసారి వచ్చారు. రైతులు గంపలు, తడిగుడ్డలు తెచ్చుకున్నారు. ఖాళీ గది, ఆరిన మిషను, వసారాలో ట్రేలు చూసి వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడారు. ఏడీ గారు ముందుకు పోయి ఆకులో మందు పడిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ ఇంట్లోకి పోయి గంగమ్మ చాట తెచ్చి ఆఫీసరు ముందు అరుగు మీద పెట్టింది. అదే ఆకని, అదే గంపని, ఇంట్లో పెట్టుకోవడం తప్పేనని, కాని ఇవి మేస్తున్నాయి చూడమని చెప్పింది. ఆఫీసరు వంగి చూశారు. అయితే గదిలో ఏమైందని ఇంజనీరును అడిగారు.

ఇంజనీరు ఆయన దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, ఇంగ్లీషులో చెప్పాడు. దాచలేదు. మ్యాటు తనదేనని, గాలి గొట్టం అక్కడే ఉందని, ఆకుతో సంబంధం లేదని చెప్పాడు. కాని పెద్దపెద్ద సాంకేతిక పదాల మధ్య, ఏదో చిన్న లోపం లాగా చెప్పాడు. ఆఫీసరు తల ఊపారు. సరే, ఈ సంగతి ఆఫీసులో మాట్లాడుకుందాం అన్నారు, అది కూడా ఇంగ్లీషులోనే. ఏడీ గారు ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడర్థమైంది నాకు. నిజం బయటికి వచ్చింది గాని, అది రావాల్సిన వాళ్ళ చెవుల దాకా రాలేదు. రైతులు ఏడీ గారు చెప్పిన ఆకు కథతో ఇళ్ళకు పోతారు. రేడియో కొట్టు దగ్గర మేము ఆదివారాలు చేసింది కూడా ఇదే. మాకు మాత్రమే తెలిసిన మాటలతో మాట్లాడుకుని, పక్కనున్నవాడిని బయట నిలబెట్టడం.

ఆవిడ నా వైపు తిరిగింది.

"ఆ సారు ఏమంటాండాడు? మాకు తెలిసేట్టు చెప్పండి సార్."

ఏడీ గారు కళ్ళతోనే వద్దన్నారు. నేను అరుగు మీదికి ఎక్కలేదు, గొంతు పెంచలేదు. రైతుల వైపు తిరిగి, పక్క గదిలో దోమల మ్యాట్ పెట్టారని, ఆ గాలిని మిషను రాత్రంతా లోపలికి లాగిందని, ఆకు మంచిదని, ఈమె చేతిలో ఏ తప్పూ జరగలేదని, ఈ మాట ఇంజనీరు సారే ఇప్పుడు చెప్పారని తెలుగులో చెప్పాను. ఇంజనీరు తల దించుకునే, నిజమేనన్నట్టు ఊపాడు. రైతుల్లో పెద్దాయన ఒకడు ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడు ఈ పురుగు మాకిస్తావా అమ్మా, ఇయ్యవా?"

"పొద్దు గూకేలోపల ఏది మేత ముడితే అది ఇస్తా. ముట్టంది ఇయ్యను. కూసోండి" అంది ఆమె.

ఆఫీసరు వెళ్ళిపోయారు. ఏడీ గారూ వెళ్ళిపోయారు. రైతులు గంపలు పక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చున్నారు. పురుగుల ఆయుష్షు మీద కాదు, ఆమె మీద తీర్పు కోసం కూర్చున్నట్టు అనిపించింది నాకు. ఎండ వాలుతుండగా ఆమె ఒక ట్రే మీద వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. నేను దగ్గరికి పోయి చూశాను. ఆకు అంచున సూది మొనంత కొరుకు. పక్కనే ఇంకొకటి. తలలు దిగుతున్నాయి. ఆ సాయంత్రం ఎక్కువ ట్రేలు తేరుకున్నాయి. తేరుకోని వాటిని ఎంతమంది అడిగినా ఇవ్వకుండా, తన చేత్తోనే సున్నం గుంటలో వేసింది. తక్కువ పురుగు దక్కినవాళ్ళు కూడా తీసుకునే పోయారు. ఆ పంట అందరికీ బాగా పండిందని చెప్పను, కొందరికి గూడు పలచగానే వచ్చింది. కాని తర్వాతి పంటకు ఆ ఊరి రైతులు ఆమె దగ్గరికే వచ్చారు. కేంద్రం వేరేవాళ్ళకు ఇవ్వాలన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాకు మాత్రం కొద్దిరోజులకే కుప్పానికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. అదే ఊపులో మిషనును కూడా కుప్పం తరలించాలని నిర్ణయం జరిగింది. కారణం ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఇంజనీరు ఉద్యోగం పోలేదని, కాకపోతే ఫీల్డు పనికి పంపడం మానేశారని తర్వాత తెలిసింది. పోయే ముందు అతను పక్క గది తాళం చెవి నా చేతిలో పెట్టి పోయాడు. లారీ ఒకటే వచ్చింది. ముందు మదనపల్లెలో నా మంచం, గిన్నెలు, కంప్యూటరు ఎక్కించుకుని, మిషను కోసం పల్లెకు వచ్చాం. హమాలీలు మిషను చుట్టూ తాళ్ళు కడుతుంటే ఆవిడ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. పీడ పోతుందని సంతోషిస్తుందేమో అనుకున్నాను.

"అది యాడికీ పోనక్కర్లేదు సార్" అంది. "అదేం తప్పు సేసింది? గాలి లాగమంటే లాగింది. గదిలో ఏడి, తేమ నాకంటే బాగా సూసుకుంటాది, రేత్రిల్లో నేను లేసే పని లేదు. దాన్ని ఈడనే ఉండనీండి. ఆ పక్క రూము బీగం చెవి మాత్రం నా చేతికియ్యండి."

హమాలీలు నా వైపు చూశారు. అప్పటికే ట్రాన్స్‌ఫరైన మనిషిని, నాకు ఇంకా ఏం చేస్తారు. జేబులోంచి చెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. తాళ్ళు విప్పమన్నాను. ఏడీ గారికి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ, నా సామాను ఒక్కటే ఉన్న లారీలో కుప్పం పోయాను.